పైఊరిలో కనబడనివాళ్ళు

భరణి కార్తె, మొదలు

నిన్నటితో అందరం కిందికి దిగేశాం. లిఫ్టు గేటుకు తాళం పడింది. పైన ఎండలు తగ్గి వానలు పడేదాకా ఇక ఏడో గనిలోనే కాపురం.

పొద్దున్నే ఆటగది ఊడ్చాను. హెడ్‌సెట్లన్నీ తుడిచి కొక్కేలకు తగిలించాను. మెషిన్ ఆన్ చేయగానే ఫ్యాన్లు ఒక్కసారి గట్టిగా అరిచి సద్దుమణిగాయి. ఈ ఏడు దీన్ని చూసుకునే పని నాకిచ్చారు. నిరుటిదాకా చూసిన గట్టయ్య సార్ వేరే గనికి వెళ్ళిపోయాడు.

అందరికంటే ముందు మొగిలి కాకా వచ్చాడు. అసలు పేరు రాజమొగిలి. ఒకప్పుడు పంపు ఆపరేటరు. భార్య భూలక్ష్మి చిన్నమ్మ పోయాక ఆయనకు ఆటగదే ఇల్లయింది.

"ఆకాశం పెట్టినవా బిడ్డా?" అన్నాడు గడప దగ్గరే నిలబడి.

"పెట్టిన కాకా. రా."

హెడ్‌సెట్ తగిలించి కుర్చీలో కూర్చోబెట్టాను. ఆయన తల మెల్లగా పైకెత్తాడు. నోరు కొంచెం తెరుచుకుంది. పైఊళ్ళోకి వెళ్ళిన ప్రతివాళ్ళూ మొదట చేసే పని అదే. బస్టాండూ, క్వార్టర్ల లైన్లూ, వాటి మీద నీలంగా ఆకాశమూ. మేం వదిలేసి వచ్చిన ఊరిని మెషిన్‌లో ఉన్నదున్నట్టు బొమ్మ కట్టుకుని, పైఊరు అని పిలుచుకుంటున్నాం.

నేను మాత్రం వెళ్ళను. మా అనసూర్య అక్క నిరుడు కృత్తికలో డ్యూటీ మీద పైకెక్కి సోలార్ పలకలు తుడుస్తుండగా వడదెబ్బ తగిలి పోయింది. అప్పటినుంచి నేను హెడ్‌సెట్ ముట్టుకోలేదు. తుడవడం వేరు, పెట్టుకోవడం వేరు.

గది నిండింది. కాసేపటికే మొగిలి కాకా హెడ్‌సెట్ లాగేసి కళ్ళు నులుముకున్నాడు.

"బస్టాండు కాడ బొమ్మ ఆగుతున్నది. ఆగి దుంకుతున్నది. కండ్లు తిరుగుతున్నయ్."

పైఊరి బస్టాండులోనే క్రికెట్ ఆడుకుంటున్న పిల్లల్లో ఒకమ్మాయి ఇంకో మాట చెప్పింది. "అక్కా, బాల్ గాలిల దేనికో తగిలి వాపస్ వచ్చింది. ఆడ ఏం లేదు."

బొమ్మ ఆగి ఆగి వస్తుంటే అలాంటివి జరుగుతాయిలే అనుకున్నాను.

భరణి, మధ్య

బస్టాండు దగ్గరికి వెళ్ళినవాళ్ళలో ముగ్గురు వాంతి చేసుకున్నారు. లింగమూర్తి అన్న వచ్చాడు. గని కమిటీకి పెద్ద ఆయనే. మెషిన్ చుట్టూ ఒకసారి తిరిగి, బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు మీద చెయ్యి పెట్టి చూశాడు.

"ముసల్దైంది చెల్లె. నీ లెక్కల్ల చూడు, వేగం ఎట్ల దిగుతున్నదో."

నిజమే, తెర మీద గ్రాఫిక్స్ కార్డు వేగం ఎక్కుతూ దిగుతూ ఉంది. కానీ అది జబ్బు కాదు. కార్డు మీద రాసిన వేగం, కనీసం ఇంత ఇస్తానన్న హామీ. ఒళ్ళు చల్లగా ఉండి, కరెంటు మిగులు ఉంటే అదే ఆ హామీని దాటి పైకెక్కుతుంది. వేడెక్కితే మెట్టు మెట్టుగా దిగుతుంది. దాన్ని చూసి గాభరాపడితే మంచి కార్డును పారేసుకుంటాం. ఆ మాటే చెప్పాను.

"మరి బొమ్మెందుకు ఆగుతున్నది?"

"చూడాలన్నా. మొదట వేడి సంగతి చూస్త."

"తొందరగా చూడు. రోహిణి వచ్చిందంటే గాలి ఫ్యాన్లకు కరెంటు చాలదు. ఇది సక్కగ నడిస్తే నడిపిద్దాం. లేకుంటే బంద్ పెడుదాం. కంట్రోల్ రూముకని దాసిన కార్డు ఒక్కటే ఉన్నది. అది నేను ఆటకియ్యలేను."

ఆయన అన్నదాంట్లో తప్పులేదు. గాలి ఎక్కడ పాడవుతోందో చూపించే తెర కూడా అలాంటి కార్డు మీదే నడుస్తుంది. అది ఆగిపోయి, చేతిలో ఇంకోటి లేకపోతే, రోహిణిలో మేమంతా ఊపిరాడక పోతాం.

కార్డు విప్పాను. ఫ్యాన్ల రెక్కల మీద బొగ్గుదుమ్ము వెల్వెట్ గుడ్డలా పేరుకుంది. కుంచెతో దులిపి, వేడిని లాగే థర్మల్ పేస్ట్ పాతది ఎండిపోతే గీకేసి కొత్తది రాశాను. వోల్టేజీ కొంచెం తగ్గించి పెట్టాను. తిరిగి బిగించాక కార్డు ఎప్పుడూ లేనంత చల్లగా, ఎప్పుడూ లేనంత వేగంగా నడిచింది.

మొగిలి కాకాను బస్టాండు దాకా వెళ్ళి చూడమన్నాను.

వెళ్ళాడు. బొమ్మ ఆగింది. అంతకుముందు ఎంత ఆగిందో అంతే.

హెడ్‌సెట్ తీస్తూ ఆయన భుజం తడుముకున్నాడు. "ఎవరన్న తగిలిండ్రా బిడ్డా?"

కుర్చీ దగ్గర ఎవరూ లేరు. నేను అవతల తెర ముందున్నాను. "లేదు కాకా" అన్నాను. లోపల ఎవరైనా ఢీకొంటే హెడ్‌సెట్‌తో పాటు భుజాలకు వేసుకునే పట్టీ కొంచెం అదురుతుంది. బస్టాండులో ఆ సమయానికి ఆయన ఒక్కడే ఉన్నాడు.

కృత్తిక, మొదలు

నా మాట వినకుండా కమిటీ ఒక తీర్మానం చేసింది. పైఊళ్ళోంచి ఇంకో లైను తీసేస్తారట. గీయాల్సిన ఇళ్ళు తగ్గితే కార్డుకు బరువు తగ్గుతుందని వాళ్ళ ఆలోచన. నిరుడు మెషిన్ ఆపేముందు గట్టయ్య సార్ కూడా ఇదే చేశాడు. కొలిమి లైను మొత్తం తీసేసి, అక్కడివాళ్ళను వేరే ఇళ్ళలోకి మార్చాడు. మొగిలి కాకా ఇల్లు అందులోనే పోయింది.

ఈసారి గిరక లైను వంతు. మా ఇల్లున్న లైను.

నేనే తీసేశాను. అందరి ఇళ్ళూ మార్చాను. హెడ్‌సెట్ తీసేసినా పైఊళ్ళో మన బొమ్మమనిషి మాయమవడు. మన అలవాట్లు నేర్చుకుని తనంతట తాను లేస్తాడు, తిరుగుతాడు, ఇంటికి పోతాడు. వీధులు బోసిపోకుండా ఉండటానికి మొదట్లోనే పెట్టుకున్న ఏర్పాటు అది. అందుకని ప్రతి మనిషికీ ఒక ఇల్లు చూపించాలి. నాకు మాత్రం చూపించలేదు. నేను ఎలాగూ వెళ్ళను కదా అనిపించింది.

లైను తీసేశాక బొమ్మ ఇంకా ఘోరంగా ఆగింది. బస్టాండు దగ్గరే కాదు, గిరక లైను ఉండిన మలుపు దగ్గర కూడా. ఇదివరకు ఆ మలుపులో ఎప్పుడూ ఆగలేదు.

బరువు తగ్గించాం. నడక మందగించింది. ఇది కార్డు పని కానే కాదు.

కృత్తిక, మరుసటి వారం

ఈరోజు చేసిన పరీక్ష రాస్తున్నాను, నా తర్వాత వచ్చేవాళ్ళకు పనికొస్తుంది.

బొమ్మ సైజు సగానికి సగం తగ్గించాను. కార్డుదే లోపమైతే, చిన్న బొమ్మ గీయడం తేలిక కాబట్టి సెకనుకు గీసే ఫ్రేములు పెరగాలి. ఒక్కటి కూడా పెరగలేదు. అప్పుడు కార్డు ఎంత పని చేస్తోందో చూశాను. బస్టాండులో బొమ్మ కొట్టుమిట్టాడుతున్న క్షణంలో అది సగం కూడా పని చేయడం లేదు. పైగా వేగం చూస్తే అన్నిటికంటే పై మెట్టు మీద ఉంది. చల్లగా, హుషారుగా, చేతిలో పని లేకుండా ఎదురుచూస్తోంది.

ఎదురుచూసేది ప్రాసెసర్ కోసం. ఎవరు ఎక్కడున్నారు, ఎటు నడుస్తున్నారు అని లెక్క కట్టేది ప్రాసెసర్. చూసేవాళ్ళ చుట్టుపక్కల ఉన్నవాళ్ళ లెక్క చేతికొస్తేనే కార్డు ఆ చోటు గీయగలదు. మొత్తం మీద చూస్తే ప్రాసెసర్ కూడా ఖాళీగానే కనిపించింది. దాని లోపల లెక్కలు పంచుకునే కోర్లు విడివిడిగా చూశాను. ఒక్క కోర్ మాత్రం నిండిపోయి ఉంది. దారులు వెతికే లెక్కలన్నీ ఆ ఒక్కదాని మీదే పడతాయి.

ఒక మనిషి ఒక చోటికి వెళ్ళాలంటే దారి ఒక్కసారి వెతికితే చాలు. కానీ వెళ్ళాల్సిన చోటు ఊళ్ళోనే లేకపోతే? ప్రతి వీధీ, ప్రతి మలుపూ, ప్రతి గడపా వెతికి, లేదని తేలాక, మళ్ళీ మొదటినుంచి వెతుకుతుంది. సెకనుకు ఎన్నో సార్లు. ఎవరో ఊరంతా తిరిగి తిరిగి వెతుకుతున్నారు.

మనుషుల పట్టీ తెరిచాను. బస్టాండులో ఎవరూ లేరని చెప్పింది. కనబడకుండా చేసినవాళ్ళను కూడా చూపించమన్నాను.

భూలక్ష్మి. బస్టాండు. గమ్యం: కొలిమి లైను, సొంత ఇల్లు.

ఆ వరుస మళ్ళీ చదివాను.

ఎవరైనా పోతే గట్టయ్య సార్ వాళ్ళ బొమ్మను కనబడకుండా చేసేవాడు. తుడిచేసేవాడు కాదు. చేతులు రాలేదేమో. అలవాటు మాత్రం ఆగకుండా నడుస్తూనే ఉంది. లైను తీసేసినప్పుడు బతికున్నవాళ్ళకు వేరే ఇళ్ళు చూపించాడు. కనబడనివాళ్ళు ఆయన కళ్ళకూ కనబడలేదు. భూలక్ష్మి చిన్నమ్మ ఈ ఎండాకాలం మొదలైన దగ్గర్నుంచీ ఇంటికి దారి వెతుకుతూ బస్టాండులో తిరుగుతోంది. పిల్లల బంతి తగిలింది ఆమెకు. మొగిలి కాకా భుజానికి తగిలిందీ ఆమే.

దారి దొరకక ఎర్రగా వెలుగుతున్న పేరు పట్టీలో ఇంకోటి కూడా ఉంది. చదవకుండా తెర మూసేశాను.

కృత్తిక, చివర

లింగమూర్తి అన్నకు చెప్పాను.

"వాళ్ళను తీసేస్తే మెషిన్ బాగైతదా?"

"అయితది."

"అయితే తియ్యి చెల్లె. మనసుకు కష్టమే. కానీ బతికున్నోళ్ళు వాంతులు చేసుకుంటున్నరు."

"మొగిలి కాకాకు చెప్పకుంట తియ్యలేను అన్నా."

"చెప్తే ఆయన గుండె ఆగుతది."

"చెప్పకపోతే నాది ఆగుతది."

ఆయనే వెళ్ళి కాకాను పిలుచుకొచ్చాడు. నేను కూర్చోబెట్టి అంతా చెప్పాను. కాకా చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని విన్నాడు. ఏడవలేదు.

"ఒక్కసారి కనబడెటట్టు చెయ్యి" అన్నాడు.

మేం ముగ్గురం తప్ప గదిలో ఇంకెవరినీ ఉండనివ్వలేదు. కాకాకు హెడ్‌సెట్ పెట్టి, నేను తెర మీద చూశాను. చిన్నమ్మ బస్టాండు చివర ప్రత్యక్షమైంది. ఆకుపచ్చ చీర, కొంగు నడుముకు దోపి, చంకలో ఖాళీ సంచి. గబగబా నడిచి పక్కనే కొలిమి లైను ఉండాల్సిన చోటికి వచ్చింది. అక్కడ గడ్డి మైదానం. ఆగింది. వెనక్కి తిరిగింది. మళ్ళీ వచ్చింది. ఆగింది.

కాకా ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు. "భూలచ్మీ" అన్నాడు.

ఆమె ఆయనను చూడలేదు. దారిలో స్తంభం ఉంటే తప్పుకున్నట్టు పక్కకు తప్పుకుని వెళ్ళిపోయింది. అలవాటుకు ఇల్లు తెలుసు. ఇంటాయన తెలియదు.

కాకా మూడుసార్లు ఎదురెళ్ళాడు. మూడుసార్లూ ఆమె తప్పుకుంది. తర్వాత ఆయన పక్కగా జరిగి దారి వదిలాడు.

హెడ్‌సెట్ తీశాక ముఖం తడిగా ఉంది. లింగమూర్తి అన్న తల దించుకున్నాడు.

"తియ్యమంటవా కాకా?" అన్నాను.

"ఎందుకు తీసుడు? ఇల్లు పెట్టు. అంత పెద్దది అవసరం లేదు. గోడలు, ఒక తలుపు, లోపల కూసుండ జాగ. దానికి నీ కార్డు అలిసిపోతదా?"

"పోదు కాకా."

లింగమూర్తి అన్న వైపు చూశాను. ఆయన తల ఊపాడు.

గడ్డి మైదానంలో ఒక్క గది కట్టాను. నాలుగు గోడలు, తలుపు, నులక మంచం. చిన్నమ్మ వెనక్కి తిరగబోతూ ఆగింది. నేరుగా నడిచి, తలుపు తీసి, లోపలికి వెళ్ళి, సంచి కింద పెట్టి, మంచం మీద కూర్చుంది. ప్రాసెసర్ మీది బరువు దబ్బున సగం పడిపోయింది. కార్డుకు చేతినిండా పని దొరికింది. బస్టాండు నీళ్ళలా సాఫీగా కదిలింది.

ఆమెను తిరిగి కనబడకుండా చేశాను. అలా చేయమని అడిగింది కాకానే.

రోహిణి, మొదలు

మొగిలి కాకా రోజూ వస్తున్నాడు. ఆ గది ముందు దాకా వెళ్ళి, బయట నేల మీద కూర్చుంటాడు. లోపలికి వెళ్ళడు.

"ఎందుకు కాకా?" అని అడిగాను.

"నేను పోతే ఏమైతది? నన్ను చూడదు. బయట కూసుంటే లోపల పని చేసుకుంటున్నదని అనిపిస్తది. బతికున్నప్పుడు గూడ గట్లనే కూసుంటుంటి."

గిరక లైను మలుపు ఇంకా ఆగుతూనే ఉంది. రోహిణి ఎండకు గాలి ఫ్యాన్లు పూర్తి జోరు మీద నడుస్తున్నాయి. అది సరిచేయకపోతే రేపు బంద్ అని లింగమూర్తి అన్న నోటితో అనలేదు గానీ, రెండుసార్లు వచ్చి గుమ్మం దగ్గర నిలబడి వెళ్ళాడు. మూడోసారి లోపలికి వచ్చాడు.

"ఇంకొకరు ఎవరో నీకు ఎరుకే గదా చెల్లె?"

"ఎరుకే."

"ఆమెకు గూడ ఒక ఇల్లు కట్టు. ఎవరొద్దంటరు?"

పట్టీ తెరిచాను. ఇన్నాళ్ళూ చదవని వరుస చదివాను.

అనసూర్య. గిరక లైను మలుపు. గమ్యం దగ్గర ఇల్లు లేదు, వీధి లేదు. ఒక పేరుంది. వినోద.

వెతుకుతున్నది నన్ను.

అక్క బతికున్నప్పుడు డ్యూటీ దిగగానే పైఊళ్ళో నా దగ్గరికి వచ్చి అరుగు మీద కూర్చునేది. అదే ఆమె అలవాటు. పోయాక కూడా ఆ అలవాటు వస్తూనే ఉంది. నిరుడు ఆ ఎండాకాలం చివరిదాకా, నేను హెడ్‌సెట్ ముట్టుకోని అన్ని రోజులూ, పైఊళ్ళో నా బొమ్మ పక్కన కనబడకుండా కూర్చుంది. ఈ ఏడు భరణిలో మెషిన్ ఆన్ చేసిన క్షణం నుంచి మళ్ళీ కూర్చుంది. అందుకే మొదట్లో ఆ మలుపులో బొమ్మ ఆగలేదు. ఆమె చేరాల్సిన చోటికి చేరే ఉంది. లైను తీసేసి, నాకు ఇల్లు చూపించకుండా వదిలేశాక, నా బొమ్మ నేల లేని చోట, ఊరి అంచు బయట ఎక్కడో పడింది. అక్కడికి దారి లేదు. ఆ రోజు నుంచి అక్క ఆ మలుపులోనే తిరుగుతూ నాకోసం దారి వెతుకుతోంది.

లింగమూర్తి అన్నకు వరుస చూపించాను. ఆయన చదివి, నా తల మీద చెయ్యి పెట్టి, బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

నా బొమ్మను లాక్కొచ్చి మలుపు దగ్గర పెడితే సరిపోయేది. పది నిమిషాల పని. అలా చేయలేదు. కొక్కేనికి ఉన్న హెడ్‌సెట్ తీసుకుని పెట్టుకున్నాను.

మొదట చీకటి. తర్వాత వెలుతురు. నా తల కూడా దానంతట అదే పైకి లేచింది.

దిగే చోటుగా ఆ మలుపునే ఎంచుకుని, అక్కడ ఒక సిమెంటు బల్ల పెట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా ఖాళీ రోడ్డు. బొమ్మ ఒకసారి ఆగింది, రెండోసారి ఆగింది. కళ్ళు మూసుకోలేదు. మూడోసారి ఆగబోయి, ఆగలేదు. రోడ్డు ఒక్కసారిగా తేటపడింది. గాలికి కదిలే ఆకులు ఒక్కొక్కటీ కనిపించాయి.

ఎడమ భుజం దగ్గర పట్టీ మెల్లగా అదిరింది.

"అక్కా" అన్నాను.

కనబడేలా చేయడానికి ఒక్క మీట చాలు. నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. కాకాను తప్పుకుని వెళ్ళిన చిన్నమ్మ ముఖం గుర్తొచ్చింది. మీట నొక్కలేదు. అక్క ముఖం నాకు తెలుసు. నన్ను చూడని ముఖం ఒకటి చూసి, దాన్ని ఆ ముఖం మీద పెట్టుకోలేను.

చాలాసేపు మాట్లాడాను. చివరిసారి పైకెక్కిన రోజు నీళ్ళ సీసా ఇంటిదగ్గరే మరిచి వెళ్ళిందని తిట్టాను. అమ్మ మోకాళ్ళ నొప్పుల సంగతి చెప్పాను. భుజం దగ్గర పట్టీ మరోసారి అదిరింది, ఆమె సర్దుకుని కూర్చున్నట్టు.

మృగశిర

పైన వాన పడిందని నిన్న గేటు దగ్గర అరుపులు వినిపించాయి. పిల్లలు ముందు పరిగెత్తారు. నా బొమ్మను ఆ బల్ల మీదే ఉంచేశాను, ఆ తర్వాత మిగిలిన రోహిణి అంతా పైఊరు ఒక్కసారి కూడా ఆగలేదు. ఇక మెషిన్ ఆపేయాలి. వానలకు గనిలో నీళ్ళూరతాయి, కరెంటు పంపులకు పోవాలి. ప్రతి ఏడూ అంతే.

లింగమూర్తి అన్న వచ్చాడు. ఆపేముందు ఒక మాట అడిగాను.

"కార్డే ఎక్కువ కరెంటు తాగుతది అన్నా. చూసేటోళ్ళు లేనప్పుడు బొమ్మ గీసే పని లేదు. కార్డు తీసి కంట్రోల్ రూముల పెట్టుకో, రెండు స్పేర్లున్నట్టైతది. లెక్క మాత్రం నడవనీ. ఒక బల్బుకు అయ్యేంతే అయితది."

"అంటే ఊరు ఉంటది గని కనబడదా?"

"అంతే."

ఆయన ఆలోచించాడు. ఆయన తమ్ముడు కూడా కనబడనివాళ్ళ పట్టీలో ఉన్నాడని నాకు తెలుసు. ఆ సంగతి మా ఇద్దరి మధ్య ఎప్పుడూ రాలేదు.

"నడవనీ" అన్నాడు.

కార్డు చల్లబడ్డాక విప్పి, గుడ్డలో చుట్టి ఆయన చేతికిచ్చాను. తెర నల్లబడింది. చిన్న పచ్చ దీపం ఒకటి మిగిలింది. గదికి తాళం వేసి లిఫ్టు ఎక్కాను.

పైన వాన సన్నగా పడుతోంది. నేల నుంచి వేడి ఆవిరి లేస్తోంది. మొగిలి కాకా లిఫ్టు షెడ్డు చూరు కింద, చెయ్యి బయటికి చాపి నిలబడ్డాడు. పక్కకు వెళ్ళి నిలబడ్డాను.

"బంద్ పెట్టినవా బిడ్డా?"

"బొమ్మ బంద్ పెట్టిన. ఊరు నడుస్తున్నది."

"ఇప్పుడు తెర తీసి చూస్తే ఏం కనబడ్తది?"

"ఏం కనబడదు కాకా."

"ఉన్నరు గద?"

"ఉన్నరు."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, అరచేతిలో నిలిచిన నీళ్ళు కాసేపు చూసి, ముఖానికి రాసుకున్నాడు. తర్వాత ఇద్దరం వానలోకి నడిచాం.